కేబుల్ గర్ల్స్ ఆఖరి సీజన్: లిడియా ఎవరితో? అసలు ఎవరు మిగులుతారు? (2020లో ఆఖరి సీజన్ రాకముందు జరిగిన చర్చ)

స్వాతి_గోదావరి
మాడ్రిడ్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే నలుగురు అమ్మాయిలు లిడియా, ఆంహెలెస్, కార్లొటా, మార్గాల కథ ఈ స్పానిష్ సిరీస్. నాలుగో సీజన్ చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి. కింద అన్నీ స్పాయిలర్లే.

ఆంహెలెస్ పోయిందంటే నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు. నలుగురిలో అందరికంటే ఎక్కువ పడింది ఆవిడే. మారియో లాంటి మొగుణ్ణి భరించింది, పోలీసుల గుప్పిట్లో నలిగింది, ఇన్‌స్పెక్టర్ క్వేవాస్ దగ్గర కాస్త ప్రేమ దొరికేసరికి అదీ ముళ్ళకంపే అయ్యింది. సొంత కాళ్ళ మీద నిలబడిందిలే అని మనం ఊపిరి పీల్చుకునేలోపు ఆమెనే తీసుకుపోయారు. సోఫియా తల్లి లేని పిల్ల అయిపోయింది.

ఇక మిగిలింది ఒక్క సీజన్. నా లెక్క చెప్తాను, మీరూ చెప్పండి. లిడియా ఫ్రాన్సిస్కోతోనే ఉంటుంది, ఉండాలి. ఊరు వదిలి కలిసి మాడ్రిడ్ వచ్చి, స్టేషన్‌లోనే విడిపోయిన జంట. పదేళ్ళ తర్వాత కంపెనీలో ఎదురుపడినప్పుడు ఆమె పేరు ఆల్బా కాదు లిడియా, అతనికేమో పెళ్ళైపోయింది. ఆ మొదటి చూపు గుర్తుందా? ఆమె ఏమీ తెలియనట్టు నటిస్తుంది, అతను మాత్రం కళ్ళు తిప్పుకోలేడు. కథ అక్కడ మొదలైంది కాబట్టి అక్కడికే చేరాలి.

కార్లోస్_పక్షం
స్వాతి గారూ, మొదటి ప్రేమ అయినంత మాత్రాన అదే చివరిది కావాలా అండి? లిడియా కన్న ఎవా ఎవరి బిడ్డ? కార్లోస్ బిడ్డ. పెళ్ళి రోజు చర్చిలో మంటలు రాకపోయి ఉంటే వాళ్ళు ఈపాటికి మొగుడూపెళ్ళాలు. అతను తప్పులు చేశాడు, కాదనను. కోపంలో అన్న మాటలకి నాకూ ఒళ్ళు మండింది. కానీ అతనికి పక్కన ఉన్న శత్రువు కన్నతల్లే. డోన్యా కార్మెన్ లాంటి తల్లి నీడలో పెరిగి ఆ మాత్రం మనిషిగా మిగలడమే గొప్ప. ఫ్రాన్సిస్కోకి అన్నీ రాసిపెట్టినట్టు దొరుకుతాయి, కార్లోస్ మాత్రం ప్రతిదీ పోరాడి పోగొట్టుకుంటాడు.

నీలిమ_డల్లాస్
ఫ్రాన్సిస్కో. ఇంకో మాట లేదు.

వంశీ_మాడ్రిడ్
నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను, రోజూ గ్రాన్ వియా అనే పెద్ద వీధి మీదుగానే వెళ్తాను. మీరంతా లిడియా ఎవరితో అని అడుగుతున్నారు కదా, నేను ముందు అడిగేది వేరు: ఆఖరి సీజన్ ఏ సంవత్సరంలో జరుగుతుంది? అది తేలితే సగం ప్రశ్నలకి జవాబు దొరికినట్టే.

సీరియల్ మొదలైంది 1928లో. నాలుగో సీజన్‌కి 1931కి వచ్చాం. కార్లొటా మేయర్ పదవికి పోటీ పడటం, ఎన్నికల హడావుడి అంతా ఆ ఏడాదిదే. నిజంగా జరిగింది కూడా చూడండి. 1931 ఏప్రిల్ 12న మున్సిపల్ ఎన్నికలు, రెండు రోజులకే రాజు ఆల్ఫోన్సో 13 దేశం విడిచి వెళ్ళిపోయాడు, ఏప్రిల్ 14న రెండో గణతంత్రం వచ్చింది. అక్కడి నుంచి అయిదేళ్ళు వెళితే 1936 జూలై. గణతంత్రం మీద ఫ్రాంకో తదితర సేనానుల తిరుగుబాటు, అంతర్యుద్ధం. 1939 మార్చి 28న మాడ్రిడ్ ఫ్రాంకో చేతికి చిక్కింది.

సీరియల్‌లో మనం చూసే కంపెనీకి ఆధారం ఇక్కడి టెలిఫోనికా భవనం. గ్రాన్ వియా 28వ నంబరు. ఇగ్నాసియో దె కార్దెనాస్ అనే ఆర్కిటెక్ట్ కట్టాడు, 1929లో పూర్తయింది, ఎత్తు దాదాపు 89 మీటర్లు. అప్పట్లో ఊళ్ళో దాన్ని మించిన కట్టడం లేదు. యుద్ధంలో అదే దాని పాలిట శాపమైంది. గణతంత్ర సైన్యం దాని పైఅంతస్తుల నుంచి శత్రువు కదలికలు కనిపెట్టేది. ఊరికి పడమట కాసా దె కాంపో తోటల్లో గారబితాస్ అనే గుట్ట ఉంది, ఫ్రాంకో ఫిరంగులు అక్కడ ఉండేవి. వాళ్ళకి గురిచూసి కొట్టడానికి ఈ భవనం కంటే బాగా కనిపించేది ఇంకేముంటుంది? గుళ్ళు ఎంతలా పడేవంటే, ఆ వీధిని జనం ఫిరంగి గుళ్ళ వీధి అనే పిలిచేవారు.

అదే భవనంలో టెలిఫోన్ అమ్మాయిలు పని చేస్తూనే ఉన్నారు. విదేశీ విలేకరులు వార్తలు లండన్‌కీ పారిస్‌కీ ఫోన్‌లో చదివేది అక్కడి నుంచే. సెన్సార్ ఆఫీసూ అక్కడే. విలేకరి చదువుతుంటే పక్కన ఒక మనిషి కాగితం పట్టుకుని వింటూ ఉంటాడు. ఆమోదించిన మాట దాటి ఒక్క మాట ఎక్కువ వచ్చిందా, లైను కట్ చేసేవారు.

రచయితలు ఈ భవనాన్ని నాలుగు సీజన్ల పాటు వాడుకుని, అదే భవనం యుద్ధంలో ముందు వరుసలో నిలిచిన సంగతిని వదిలేస్తారా? నేను నమ్మను. ఆఖరి సీజన్ యుద్ధంలోనే జరుగుతుంది. అప్పుడు ప్రశ్న ఫ్రాన్సిస్కోనా కార్లోసా అని ఉండదు.

నీలిమ_డల్లాస్
వంశీ, ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

హైమ_వెల్వెట్
వంశీ తమ్ముడూ, చరిత్ర నువ్వు చెప్పినట్టే ఉండొచ్చు. కానీ తీసేవాళ్ళు ఎవరో కూడా చూడాలి. బాంబూ ప్రొడక్షన్స్ వాళ్ళు, రామోన్ కాంపోస్, హెమా నెయిరా. వీళ్ళ గ్రాన్ హోటల్ 2013లో ముగిసింది, అందులో జంట హూలియో, అలీసియా కలిసే వెళ్ళిపోయారు. వెల్వెట్ 2016లో ముగిసింది. అక్కడైతే మూడో సీజన్ చివర హీరో ఎక్కిన విమానం కూలిపోయింది. చనిపోయాడనే అందరూ అనుకున్నారు. ఆ నటుడికి వేరే సిరీస్ ఉండటంతో నాలుగో సీజన్ దాదాపు అంతా హీరో లేకుండానే నడిపారు. చివరి ఎపిసోడ్‌కి తెచ్చి హీరోయిన్ ఆనా చేతిలో పెట్టారు. నేను ఆ రాత్రి ఏడ్చిన ఏడుపు సంతోషంతోనే.

అంటే వీళ్ళు ఏడిపిస్తారు, చివరికి చేయి వదలరు. యుద్ధం పెట్టినా సరే, ఆఖరి ఎపిసోడ్‌లో లిడియా, ఫ్రాన్సిస్కో ఒక ఓడ మీదో రైల్లోనో ఉంటారు. రాసి పెట్టుకోండి.

ఇంకోటి. మన ఫ్రాన్సిస్కో యోన్ గొంజాలెజ్, కార్లోస్ మార్తిన్యో రివాస్, లిడియా బ్లాంకా సువారెజ్, ముగ్గురూ ఎల్ ఇంటర్నాదో అనే పాత సిరీస్‌లో స్కూలు పిల్లల పాత్రల్లో కలిసి చేశారు. అందులోనూ బ్లాంకా జత యోన్‌తోనే. ఇది రుజువు అనను గానీ, వాళ్ళిద్దరి మధ్య ఆ చనువు తెర మీద కనిపిస్తుంది.

కార్లోస్_పక్షం
హైమక్కా, గ్రాన్ హోటల్‌కీ వెల్వెట్‌కీ దీనికీ ఒక తేడా ఉంది. అవి రెండూ అంతెనా 3 ఛానెల్ కోసం తీసినవి. రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు, జంట కలవకపోతే ఊరుకోరు. ఇది నెట్‌ఫ్లిక్స్ స్పెయిన్‌లో తీయించిన మొట్టమొదటి సిరీస్. ఆ ధైర్యంతోనే కదా ఆంహెలెస్‌ని చంపింది! పాత ఛానెల్ పద్ధతి అయితే ఆమెకి కోమా ఇచ్చి లేపేవారు.

స్వాతి_గోదావరి
ఆ ఒక్క మాటతో నా ధైర్యం అంతా పోయింది. నలుగురిలో ఒకరిని తీసేశాక మిగిలిన ముగ్గురికీ రక్షణ లేనట్టే కదా.

ఎక్స్ఛేంజి_వారి_అమ్మాయి
మీ అందరికీ నమస్కారం. ఇక్కడ ఇన్నాళ్ళూ చదువుతున్నానే గానీ రాయలేదు. మా అమ్మ కాకినాడ ఎక్స్ఛేంజిలో ట్రంక్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యింది. మొదటి సీజన్ ఆమె పక్కన కూర్చోబెట్టి చూపించాను. కథ ఆమెకి పెద్దగా పట్టలేదు, చేతులే చూసింది. లిడియా ఒక చేత్తో వైరు లాగి పక్క జాక్‌లో పెట్టి, రెండో చేత్తో చీటీ రాస్తుంటే, "చీటీ ముందు రాయాలి, తర్వాతే ప్లగ్గు పెట్టాలి, టైము తేడా వస్తే మాట పడేది మేమే" అంది. ఆర్డినరీ కాల్, అర్జెంట్ కాల్, లైట్నింగ్ కాల్, పీ.పీ. కాల్ (ఫలానా మనిషినే పిలిపించేది) అన్నీ వేలి మీద లెక్కపెట్టి చెప్పింది. మూడు నిమిషాలు కాగానే మధ్యలోకి వెళ్ళి చెప్పాలట.

ఎందుకు రాస్తున్నానంటే, వంశీ గారు చెప్పిన సెన్సార్ విషయం చదివి ఆమెని అడిగాను, మీరు మాటలు వినేవాళ్ళా అని. వినకూడదనేది రూలు, కానీ చావు కబుర్లు మా చెవిన పడకుండా ఎవరి ఇంటికీ వెళ్ళేవి కాదు అంది. ఆఖరి సీజన్‌లో నాకు కావలసిన సీను అది. బాంబులు ఎవరైనా చూపిస్తారు. బోర్డు ముందు కూర్చున్న అమ్మాయి తన మనిషి గురించిన కబురు తన చేతి మీదుగానే ఇంకొకరికి కలపాల్సి రావడం, కలిపేసి మళ్ళీ తర్వాతి ప్లగ్గు అందుకోవడం. మార్గా చేస్తే ఇంకా బావుంటుంది. ఆవిడ ముఖంలో ఏదీ దాగదు.

వంశీ_మాడ్రిడ్
అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆ సీను వస్తే నేను చూడలేను.

మీరు అన్నదానికి దగ్గరగా నిజంగా జరిగిన కథ ఒకటి ఉంది, అదీ ఆ భవనంలోనే. యుద్ధం మొదలైన ఏడాది అక్కడ విదేశీ పత్రికల సెన్సార్ చూసినవాడు ఆర్తురో బరేయా. పెళ్ళైనవాడు. ఇల్సా కుల్చార్ అనే ఆస్ట్రియా దేశస్థురాలు గణతంత్రానికి సాయం చేద్దామని 1936 నవంబరులో మాడ్రిడ్ వచ్చి అదే ఆఫీసులో చేరింది. ఆమెకీ పెళ్ళయింది. బయట గుళ్ళు పడుతుంటే, ఆ భవనంలో పగలూ రాత్రీ పక్కపక్కన పని చేస్తూ ఇద్దరూ ఒకటయ్యారు. 1938లో పెళ్ళి చేసుకుని దేశం విడిచి, చివరికి ఇంగ్లండ్‌లో స్థిరపడ్డారు. ఆయన 1957లో అక్కడే చనిపోయాడు, తిరిగి స్పెయిన్‌లో అడుగు పెట్టనే లేదు.

ఈ కథ రచయితలకి తెలియకుండా ఉండదు. విదేశీ విలేకరి ఒకడు కొత్త పాత్రగా వస్తాడని నా అంచనా. కార్లొటా చుట్టూనో ఆస్కార్ చుట్టూనో తిరుగుతాడు.

శ్రావ్య_ఓయూ
ఆస్కార్ పేరు వచ్చింది కాబట్టి నేనూ దిగుతున్నాను. నా దృష్టిలో ఈ సీరియల్‌లో అన్నిటికంటే పెద్ద ప్రేమకథ కార్లొటా, ఆస్కార్‌లది. సారా అనే పేరుతో పరిచయమై, చికిత్స పేరుతో డాక్టర్ల చేతిలో నరకం చూసి, నేను ఆస్కార్‌ని అని తనే చెప్పుకున్న మనిషి. చేయని హత్య నెత్తిన పడి చావు అంచు దాకా వెళ్ళొచ్చాడు. వాళ్ళకి సుఖంగా ఉన్న ఒక్క ఎపిసోడ్ చూపించండి చూద్దాం.

చదివిన చరిత్ర నన్ను భయపెడుతోంది. గణతంత్రం వచ్చాక ఆడవాళ్ళకి తలుపులు తెరుచుకున్నాయి. 1931 జూన్ ఎన్నికల్లో వింత చూడండి, ఆడవాళ్ళు పోటీ చేయొచ్చు గానీ ఓటు వేయకూడదు. అలా గెలిచిన క్లారా కాంపోఅమోర్ పార్లమెంటులో నిలబడి వాదించి, అదే ఏడాది అక్టోబరు 1న అనుకూలంగా 161, వ్యతిరేకంగా 121 ఓట్లతో మహిళల ఓటు హక్కు నెగ్గించింది. ఆవిడ రాజకీయాల్లోకి రాకముందు తంతి శాఖలో ఉద్యోగి! కార్లొటా పాత్రలో నాకు ఆవిడ నీడ కనిపిస్తుంది. ఆ ఓటుకి అడ్డం చెప్పిన విక్తోరియా కెంట్ కూడా స్త్రీయే, జైళ్ళ శాఖకి అధిపతి. ఆడ ఖైదీలకి గాలీ వెలుతురూ ఉండాలని మాడ్రిడ్‌లో వెంటాస్ జైలు కట్టించింది, 1933లో తెరిచారు. దాదాపు 500 మందికి. యుద్ధం అయ్యాక ఫ్రాంకో ప్రభుత్వం అందులోనే వేలమందిని కుక్కింది. 1939 ఆగస్టు 5న అక్కడి నుంచి పదముగ్గురు అమ్మాయిల్ని తీసుకెళ్ళి కాల్చేశారు. స్పెయిన్‌లో వాళ్ళని పదమూడు గులాబీలు అంటారు. చాలామందికి ఇరవై ఏళ్ళ చుట్టుపక్కలే.

అందుకే నా అంచనా ఇది. ఆఖరి సీజన్ యుద్ధంతో ఆగదు, ఆడ జైలు దాకా వెళుతుంది. కార్లొటా పేరు ఊళ్ళో అందరికీ తెలుసు, మొదట పట్టుకునేది ఆమెనే. ఆస్కార్‌ని పట్టుకుంటే ఆడ జైల్లో వేస్తారు, సారా అనే పిలుస్తారు. అది చూపిస్తారని నాకు భయం, చూపించకపోతే అన్యాయం.

స్వాతి_గోదావరి
శ్రావ్యా, ఆడ జైలు అనగానే నాకు ఒకే ముఖం కనిపించింది. డోన్యా కార్మెన్! ఆ జైలు తాళాలు ఆవిడ చేతిలో ఉంటే? డబ్బున్న మనిషి, పాత కుటుంబం, భక్తి పైపైన. ఫ్రాంకో వైపు నిలబడటానికి ఆవిడకి ఒక్క క్షణం పట్టదు. మనవరాలిని ఎత్తుకుపోయిన మనిషికి లిడియా ఖైదీగా దొరికితే ఏమవుతుందో ఊహించుకోండి.

నీలిమ_డల్లాస్
అమ్మో! స్వాతీ, ఇది నిజమైతే నువ్వు స్పెయిన్ వెళ్ళి స్క్రిప్టులు రాసుకో.

హైమ_వెల్వెట్
కాన్చా వెలాస్కో కోసమైనా ఇది జరగాలి. గ్రాన్ హోటల్‌లో ఆవిడే ఆంహెలా, మనసులో కొండంత బరువు మోస్తూ నౌకర్లని నడిపే మనిషి. ఆ నటి ఈ కార్మెన్‌గా చేస్తుంటే కళ్ళలో జాలి అనేది మచ్చుకైనా కనిపించదు. అంత పెద్దావిడని చివరి సీజన్‌లో ఊరికే కూర్చోబెట్టరు.

కార్లోస్_పక్షం
అలాగైతే కార్లోస్‌కి పని దొరికినట్టే. తల్లి ఒక వైపు, తను ఇంకో వైపు. నా మనసుకి తోచింది చెప్తాను, ఏడిపించకండి. కార్లోస్ గణతంత్ర సైన్యంలో చేరతాడు. లిడియా కోసం కాదు, ఎవా కోసం. ఫ్రాన్సిస్కోకీ అతనికీ మధ్య ఉన్న పగ అక్కడ తీరిపోతుంది, ఎందుకంటే ఇద్దరూ కాపాడాల్సింది ఒకే పిల్లని. ఈ సీరియల్‌లో నాకు ఎప్పుడూ ఇష్టమైన బంధం అదే, ఒకప్పటి ప్రాణస్నేహితులు వాళ్ళు.

అతను చనిపోతాడేమో అని కూడా అనిపిస్తోంది. చనిపోయేటప్పుడైనా లిడియా పక్కన ఉండాలి.

వెంకట్_ఆడియో
ఇంతమందిలో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. కథ చెప్పే గొంతు ఎవరిది? లిడియాది. మొదటి ఎపిసోడ్ మొదలయ్యేదే ఆ గొంతుతో, 1928లో ఆడదానికి సమాజం ఇచ్చిన చోటు ఏమిటో చెప్తూ. ప్రతి ఎపిసోడ్ మొదట్లో, చివర్లో వస్తుంది. జాగ్రత్తగా వినండి, జరుగుతున్నప్పుడు మాట్లాడుతున్నట్టు ఉండదు. అంతా అయిపోయాక వెనక్కి తిరిగి చూసి చెప్తున్నట్టు ఉంటుంది.

దీనికి రెండు అర్థాలు. ఒకటి, లిడియా ముసలావిడ అయ్యి, పిల్లలకి చెప్తోంది. రెండోది చెప్పడానికి నోరు రావట్లేదు. ఆ గొంతు బతికున్న మనిషిది కాకపోవచ్చు.

నీలిమ_డల్లాస్
వెంకట్ గారూ వద్దు.

హైమ_వెల్వెట్
వెంకట్, ఇది ఒప్పుకోను. బతికి ఉండి చెప్తోంది. ఎవాకీ సోఫియాకీ చెప్తోంది. ఆంహెలెస్ కూతురికి తన తల్లి ఎలాంటిదో చెప్పేవాళ్ళు ఉండాలి కదా, ఆ పని లిడియాదే.

వెంకట్_ఆడియో
హైమ గారూ, మీ మాట నిజం కావాలనే నాకూ ఉంది. కానీ ఆ గొంతు ఎప్పుడూ "మేము" అంటుంది. ముగ్గురు పోయి ఒకరు మిగిలితే ఆ మాటలో గుండె కోత వినిపించేది. నలుగురూ ఒకే చోట ఉన్నట్టే వినిపిస్తుంది నాకు.

వంశీ_మాడ్రిడ్
వెంకట్ గారి రెండో అర్థం చదివాక నిన్న ఆఫీసు నుంచి వస్తూ ఆ భవనం ముందు కాసేపు నిలబడ్డాను. పైన గడియారం, కింద జనం.

హైమక్క చెప్పిన ఓడ గురించి ఒక్క మాట. ఓడ నిజంగానే ఉంది. యుద్ధం చివర్లో ఓడిపోయినవాళ్ళు వేలమంది అలికాంతె రేవుకి పరిగెత్తారు, ఓడలు వస్తాయని. 1939 మార్చి 28న స్టాన్‌బ్రూక్ అనే బ్రిటిష్ బొగ్గు ఓడ రెండున్నర వేలమందికి పైగా ఎక్కించుకుని అల్జీరియాలోని ఓరాన్ వెళ్ళింది. కెప్టెన్ సరుకు వదిలేసి మనుషుల్ని ఎక్కించాడు. ఆ తర్వాత రేవులో మిగిలినవాళ్ళకి ఓడ రాలేదు, ఇటలీ సైన్యం వచ్చింది. లిడియా బృందం ఆ రేవుకి చేరితే, ఓడలో చోటు కొందరికే దొరికితే, ఎవరు ఎక్కుతారు? పిల్లలు ఎక్కుతారు. ఈ ఆడవాళ్ళ సంగతి మనకి తెలుసు, మారియో విషయంలోనే ఒకరి నేరం నలుగురూ పంచుకున్నారు. ఒకరిని వదిలి ఇంకొకరు ఎక్కరు.

శ్రావ్య_ఓయూ
ఫ్రాన్సిస్కోకి పిల్లల్ని అప్పగించి వాళ్ళు ఆగిపోతారంటావా?

వంశీ_మాడ్రిడ్
అలాగే అనిపిస్తోంది. అప్పుడు లిడియా, ఫ్రాన్సిస్కో అప్పటి స్టేషన్‌లోలాగే రేవులో మళ్ళీ విడిపోతారు. ఈసారి తెలిసే.

స్వాతి_గోదావరి
వంశీ, నేను ఈ థ్రెడ్ మొదలుపెట్టింది వాళ్ళిద్దరికీ పెళ్ళి చేద్దామని! అయినా నా ఓటు మారలేదు. విడిపోయినా సరే, అది ఫ్రాన్సిస్కో నుంచే కావాలి.

రమ_తెనాలి
మార్గా గురించి ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. ఎక్స్ఛేంజి వారి అమ్మాయి ఒక్క సీను అడిగింది, అంతే. పల్లె నుంచి బెదురుతూ వచ్చిన పిల్ల, ఇప్పుడు నలుగురిలో నిలకడగా ఆలోచించేది ఆవిడే. యుద్ధం అంటూ వస్తే తిండి దొరకని ఊళ్ళో ఇల్లు నడిపేది మార్గానే. అందరూ ఆమె ఇంట్లోనే తలదాచుకుంటారు చూడండి.

అసలు కీలకం పాబ్లో, హూలియోల దగ్గర ఉంది. కవలలు. ఒకే నటుడు. రెండు సీజన్ల నుంచి హూలియోని కథలో ఎందుకు ఉంచారు? మార్గా మనసు గందరగోళం చేయడానికి మాత్రమే అనుకున్నాం. అంతర్యుద్ధంలో ఒకే ఇంటి అన్నదమ్ములు చెరో వైపు నిలబడ్డారని వంశీ లాంటివాళ్ళకి చెప్పక్కర్లేదు. హూలియో ఫ్రాంకో వైపు వెళితే, పాబ్లో మాడ్రిడ్‌లో ఉండిపోతే, ఊరు పడిపోయిన రోజున ఒకే ముఖం ఉన్న ఇద్దరిలో ఒకడి కాగితాలకే విలువ ఉంటుంది. మొగుణ్ణి మరిది పేరుతో బతికించుకోవాల్సిన పరిస్థితి మార్గాకి వస్తుంది. సోదా చేసే సైనికుడి ముందు ఆయన్ని "హూలియో" అని పిలవాలి, గొంతు వణక్కుండా. హూలియో బతికుంటే అది ఎన్నాళ్ళు దాగుతుంది, చచ్చిపోతే పాబ్లో జీవితాంతం తమ్ముడి పేరుతోనే ఉండాలా? ఒక్క సీజన్‌లో ఇదంతా పట్టాలంటే మార్గాకి కనీసం మూడు ఎపిసోడ్లు కావాలి. వెంకట్ గారూ, ఆ గొంతు సంగతి తర్వాత చూద్దాం, ముందు దీనికి మీరేమంటారు?